తలుపు తీసిన సుగుణక్క

సుగుణక్క ప్రభువు సన్నిధికి వెళ్ళిపోయిందన్న మాట ఈ చేత్తో రాయవలసి వస్తుందని నేనెన్నడూ అనుకోలేదు. ఆ ఉదయం డ్యూటీకి వచ్చి టీ కప్పు చేతిలోకి తీసుకున్నానో లేదో, కింద క్యాజువాలిటీ నుంచి ఫోన్. "విమల సిస్టర్, తొందరగా రండి" అని మాత్రమే అంది ఫోన్ చేసిన అమ్మాయి. నేను దిగేసరికి అక్క తాను రోజూ దుప్పటి మార్చే మంచం మీదే పడుకుని ఉంది. గుండెలో బరువుగా ఉందని తనే చెప్పిందట. సూది గుచ్చబోయిన కొత్త నర్సుకి "ఆ చెయ్యి కాదమ్మా, ఇటు చూడు, ఇక్కడ నరం బాగా దొరుకుతుంది" అని తనే చూపించిందట. ఆ తర్వాత మాట్లాడలేదు. మృత్యువు ఆకస్మికంగా వస్తుందని నిత్యం కళ్ళారా చూసే వృత్తి మాది. అయినా అది మన మనిషి మంచం దగ్గరికి వచ్చిన రోజున ఆ అనుభవమంతా నిరర్థకమని తెలిసింది. నేను నర్సునన్న సంగతే మరిచిపోయి అక్కడే కూలబడి ఏడ్చాను.

ఆమె పార్థివదేహం మస్కట్ మీదుగా స్వదేశం చేరింది. నరసాపురంలో భర్త యేసుదాసు గారి పక్కన ఆమెను ఉంచారు. ఇక్కడ ఒమాన్‌లో, సోహార్‌లోని మా తెలుగు క్రైస్తవ సంఘానికి మిగిలింది ఒక ఖాళీ కుర్చీ, ఒక వివాదం. కుర్చీ గురించి అందరూ రాస్తారు. వివాదం గురించి ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను.

ఎరగనివారి కోసం చెబుతున్నాను. సుగుణక్క నరసాపురం పక్క పల్లెటూరి పిల్ల. మిషన్ ఆస్పత్రిలో నర్సు చదువు చదివి, పెళ్ళయిన కొన్నేళ్ళకు ఒమాన్ వచ్చింది. ఆమె ఇక్కడ డ్యూటీలో ఉండగానే అక్కడ యేసుదాసు గారు పోయారు. సంతానం లేదు. ఆ లోటు గురించి ఎవరైనా జాలిపడబోతే "శుక్రవారం వచ్చి చూడండి, నాకెంతమంది పిల్లలో" అనేది. మా సంఘంలో పిల్లల క్లాసు ఆమెది. సండే స్కూల్ అని పేరే గానీ ఈ దేశంలో సెలవు శుక్రవారం గనుక మాకది శుక్రవారమే. ఆ క్లాసే ఆమె ప్రాణం. వారమంతా క్యాజువాలిటీలో రక్తం, కేకలు చూసి, శుక్రవారం ఉదయం ఇస్త్రీ చీర కట్టుకుని చాక్‌పీసుల డబ్బాతో వచ్చేది. పిల్లల్ని ముద్దు చేసేది కాదు, మనుషుల్లా చూసేది. వాళ్ళకి అది చాలా నచ్చేది.

ఆమె స్థైర్యం అసాధారణం. ఒకసారి దగ్గర్లోని ఖబూరా ఊరి నుంచి ఒక జాలరిని తెచ్చారు, గాలం అరచేతిలో ఇవతలి నుంచి అవతలికి దిగిపోయి ఉంది. కొత్తగా చేరిన కేరళ అమ్మాయి కళ్ళు తిరిగి పడబోయింది. సుగుణక్క ఆ అమ్మాయి భుజం పట్టుకుని నిలబెట్టి "భయపడితే భయపడు, చెయ్యి మాత్రం వణకనీయకు" అంది. ఆ జాలరితో తన అరబీలో ఏదో అంటే అతను అంత నొప్పిలోనూ నవ్వేశాడు. ఏమన్నావక్కా అని అడిగితే, "చేపలు ఇన్నాళ్ళకి పగ తీర్చుకున్నాయి అన్నానే" అంది. ఆమె అరబీ వ్యాకరణం ఆ దేవుడికే తెలియాలి గానీ, ఈ తీరంలో ముసలమ్మలందరికీ అది అర్థమయ్యేది.

ఇంతటి ధీరురాలికి అక్టోబరు ముప్పై ఒకటి అంటే మాత్రం ఒళ్ళు మండేది. మేముండే బిల్డింగ్ అంతా ఆస్పత్రి స్టాఫే. ఫిలిప్పీన్స్ వాళ్ళు, దక్షిణాఫ్రికా వాళ్ళు, మలయాళీలు, మేము. ఆ సాయంత్రం పిల్లలు పుర్రె ముసుగులు, దయ్యాల వేషాలు వేసుకుని తలుపు తలుపూ కొట్టి మిఠాయిలు అడుగుతారు. హాలోవీన్ అంటారు. మా సంఘంలో దానికి వ్యతిరేకంగా అందరికంటే గట్టిగా మాట్లాడింది సుగుణక్కే. "మన పిల్లల మొహాలకి పుర్రె బొమ్మ పూస్తారా? సిగ్గు లేదూ?" అని స్త్రీల సమాజంలో కడిగేసేది. ఆ సాయంత్రం మాకు ఆమె పెట్టిన నియమం ఏమిటంటే, ఆడవాళ్ళందరం ఆమె ఫ్లాట్‌లో చేరి, లైట్లు ఆర్పి, తలుపు గడియ వేసి, వేషాలవాళ్ళు వెళ్ళిపోయేదాకా కీర్తనలు పాడాలి. బెల్ మోగితే గొంతు పెంచాలి. అలా ఏళ్ళ తరబడి చేశాం.

ఒక ఏడాది అలాగే చీకట్లో కూర్చుని పాడుతున్నాం. బెల్ మోగింది. గొంతు పెంచాం. మళ్ళీ మోగింది. తర్వాత అరచేత్తో తలుపు తట్టిన చప్పుడు. నేను లేవబోతే సుగుణక్క చెయ్యెత్తి కూర్చోమంది. కాసేపటికి చప్పుడు ఆగిపోయింది. "చూశారా, దయ్యం పోయింది" అంది అక్క. మేం ఆమెన్ అన్నాం.

మర్నాడు డ్యూటీలో గ్రేస్ కనబడలేదు. గ్రేస్ అంటే ఎదురు ఫ్లాట్‌లో ఉండే ఫిలిప్పీన్స్ నర్సు, క్యాజువాలిటీలో అక్కతో కలిసి పనిచేస్తుంది. వాళ్ళ అమ్మ పోయిందట, ఊరికి టికెట్ దొరకలేదట, రూమ్‌లో ఒక్కతే ఉందట. సుగుణక్క నన్ను వెంటబెట్టుకుని పరుగున వెళ్ళింది. "ఎప్పుడు తెలిసిందమ్మా? నన్నెందుకు పిలవలేదు?" అని ఆ పిల్లను దగ్గరికి తీసుకుంది. గ్రేస్ మామూలుగానే చెప్పింది. "నిన్న సాయంత్రం తెలిసింది సిస్టర్. మీ బెల్ కొట్టాను. లోపల పాటలు వినబడ్డాయి. ప్రార్థనలో ఉన్నారు కదా, ఇబ్బంది పెట్టకూడదని వెళ్ళిపోయాను." అందులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది, అక్క ఏదో ఒకటి సర్దిచెప్పుకునేది. ఆమె మొహం పాలిపోవడం నేను చూశాను.

ఆ రోజు నుంచి చాలాకాలం ఆమె ఆ ఊసెత్తలేదు. ఒకనాడు సముద్రం ఒడ్డున కార్నిష్ బాట మీద నడుస్తుంటే హఠాత్తుగా ఆగి, "దయ్యం బెల్ కొట్టి రాదే విమలా. బెల్ కొట్టేది మనిషే" అంది. తర్వాత సముద్రం వైపు తిరిగి, "నేను క్రీస్తు పేరు చెప్పి, తల్లి చచ్చిపోయిన పిల్లని గుమ్మంలో నిలబెట్టాను. ఇక ఆ తలుపు వెయ్యను" అంది. నేను భయపడి, అయితే మనం కూడా హాలోవీన్ చేద్దామంటావా అన్నాను. "ఒసేయ్, నాకు పుర్రె తగిలించుకుని గెంతే వయసా ఇది?" అని గసిరింది. వాళ్ళు చేసేది చెయ్యను, మనం చేసిందీ చెయ్యను, మూడోది ఏదో ఉండాలి, ఆలోచించనీ అంది.

ఆ మూడోది ఆమెకు నరసాపురం ఆచారంలోనే దొరికింది. మా గోదావరి జిల్లాల క్రైస్తవులకు నవంబరు మొదట్లో సమాధుల పండుగ ఉంది. సమాధులకు సున్నం కొట్టి, బంతిపూలు పరిచి, సాయంత్రం కొవ్వొత్తులు వెలిగించి, పోయినవాళ్ళను పేరుపేరునా తలుచుకుంటాం. ఆ రోజున సుగుణక్క వీడియో కాల్‌లో తమ్ముణ్ణి యేసుదాసు గారి సమాధి చుట్టూ తిప్పేది. "ఆ మూల సున్నం పడలేదురా, మీ బావ చూస్తే ఊరుకుంటారా?" అని ఇక్కణ్ణుంచి గదమాయించేది. గ్రేస్ తన తల్లిని తలుచుకుంటూ, మా ఊళ్ళో కూడా సరిగ్గా ఈ రోజుల్లోనే సమాధుల దగ్గర దీపాలు పెడతాం సిస్టర్ అని చెప్పినప్పుడు అక్క నావైపు తిరిగింది. "మనందరి సమాధులూ అక్కడే ఉన్నాయే. ఇక్కడ ఉన్నది తలుపులే" అంది నాతో.

మరుసటి ఏడాది ముప్పై ఒకటో తేదీ సాయంత్రం ఆమె ఫ్లాట్ తలుపు బార్లా తీసి ఉంది. గుమ్మంలో ఒక బల్ల, దాని మీద ఇసుక పోసిన పళ్ళెం, పక్కన కొవ్వొత్తులు, స్టీలు డబ్బా నిండా బెల్లం గవ్వలు. వచ్చిన ప్రతివారూ తమ ఇంట్లో పోయినవారి పేరు ఒకటి చెప్పి, వాళ్ళు ఇష్టంగా ఏం తినేవాళ్ళో చెప్పి, కొవ్వొత్తి వెలిగించాలి. అప్పుడు గవ్వలు. భయపెట్టే వేషాలకు ఆమె దగ్గర చోటు లేదు. పుర్రె ముసుగుతో వచ్చిన పిల్లవాడితో "లోపల ఎవరున్నారు? వాళ్ళని బయటికి రమ్మను, వాళ్ళతో మాట్లాడతాను" అనేది. మొహానికి ఎర్రరంగు పూసుకొచ్చిన పిల్లను సింక్ దగ్గరికి తీసుకెళ్ళి సబ్బుతో కడుగుతూ, "నుదుటి గాయానికి రక్తం ఇటు కారదు నాన్నా, కళ్ళలోకి కారుతుంది. రేపు క్యాజువాలిటీకి రా, చూపిస్తా" అనేది. ఆ పిల్ల పకపకా నవ్వేది. మాకు ఎవరూ చనిపోలేదు ఆంటీ అన్నవాళ్ళను, వెళ్ళి మీ అమ్మని అడిగి రమ్మని వెనక్కి పంపేది. ఆ సాయంత్రం మా బిల్డింగ్ నుంచి కేరళకు, ఫిలిప్పీన్స్‌కు, భీమవరానికి ఎన్ని ఫోన్లు వెళ్ళాయో! ముత్తాతల పేర్లు తెలుసుకుని ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు పిల్లలు. గ్రేస్ అందరికంటే ముందు వచ్చి తల్లి పేరు చెప్పి, ఆమెకు ఎండుచేప ఇష్టమని చెప్పి, ఏడ్చి, గవ్వలు తీసుకుంది.

ఆ రోజు బిల్డింగ్ మెట్లకు రంగులు వేస్తున్న కూలీల్లో మన తెలుగతను ఒకాయన ఉన్నాడు. జగిత్యాల వైపు మనిషి, పేరు నర్సయ్య, ఇక్కడికి దగ్గర్లోని సహం ఊళ్ళో కంపెనీ రూమ్‌లో ఉంటాడు. చాలాసేపు దూరం నుంచి చూసి, చెప్పులు విడిచి గుమ్మం దగ్గరికొచ్చాడు.

"అక్కా, ఇది మీ కిరస్తానపోళ్ళ పండుగనా? పెద్దోళ్ళకు గూడ ఉంటదా?"

"ఉంటుంది నాయనా. పేరు చెప్పు."

"గంగారాం. మా తమ్ముడు. ఈ దేశంలనే సైట్ మీదికెంచి పడి పోయిండు." పళ్ళెంలో వెలుగుతున్న కొవ్వొత్తులకేసి చూశాడు. "పెత్రమాస నాడు ఇంటికాడ మా అవ్వ వాని పేరు మీద బియ్యం ఇస్తది. ఈడ వాని పేరు నన్ను ఎవ్వలడుగుతలేరు అక్కా. రూమ్‌ల అందరికీ ఎరుకే, గని ఎవ్వలు ఎత్తరు."

"ఏం తినేవాడు మీ తమ్ముడు?"

"మక్కగారెలంటే వానికి పానం" అని నర్సయ్య నవ్వబోయి ఏడ్చేశాడు. రంగు అంటిన చేత్తోనే కొవ్వొత్తి వెలిగించాడు. తర్వాతి ఏడాది సుగుణక్క ఎక్కడో మొక్కజొన్న సంపాదించి మక్కగారెలు చేసింది. నేను రుచి చూశాను కాబట్టి చెబుతున్నాను, అవి పళ్ళకు పరీక్ష. నర్సయ్య మాత్రం సహం నుంచి వచ్చి, "మంచిగున్నయ్ అక్కా" అని ఒక్కటీ మిగల్చకుండా తిన్నాడు. అప్పట్నుంచి ఏటా వస్తూనే ఉన్నాడు.

ఇదంతా సంఘ పెద్దల చెవిన పడకుండా ఎలా ఉంటుంది? మా సంఘ పెద్ద జయరాజు గారు పోర్ట్ దగ్గర ఒక ప్లాంట్‌లో సూపర్‌వైజర్. నిజాయితీపరుడు, ప్రార్థనాపరుడు, ఎవరికి కష్టమొచ్చినా ముందుండే మనిషి. ఆయన దుర్మార్గుడైతే ఈ కథ చెప్పడం సులువయ్యేది. మొదటి ఏడాది ఊరుకున్నారు. రెండో ఏడాది గడిచాక, కూడిక ముగిసిన వెంటనే అక్కను పిలిచారు. తోడుగా నేనూ వెళ్ళాను.

"సుగుణమ్మా, ఆ రాత్రి ఎవరిదో మీకు తెలియదా?"

"తెలుసండి. ప్రతి రాత్రీ దేవుడిదే."

"మాటలతో ఆడుకోకండమ్మా. అది దయ్యాల పండుగని మాకు చెప్పింది మీరే."

"అవునండి, నేనే చెప్పాను. తలుపు వేసిందీ నేనే. అవతల ఎవరున్నారో తర్వాత తెలిసింది."

"చనిపోయినవాళ్ళ పేర్లు పిలిపించడం, దీపాలు పెట్టించడం... పిల్లలు రేపు ఏమనుకుంటారు?"

"వాళ్ళ తాత పేరేంటో తెలిసిందనుకుంటారు. సమాధుల పండుగకి మీ నాన్నగారి దగ్గర కొవ్వొత్తులు పెట్టమని మీరు ఊరికి ఫోన్ చెయ్యరాండీ?"

"అది వేరు."

"ఏం వేరండి? అక్కడ రాయి ఉంది. ఇక్కడ రాయి లేదు."

జయరాజు గారు మృదువుగానే అన్నారు, ఆ తలుపు మూయండి, లేకపోతే పిల్లల క్లాసు మీ చేతుల్లో ఉంచలేం, సంఘం ఊరుకోదు అని. ఆమెకు ఆ క్లాసు తప్ప ఇంకేముంది? సుగుణక్క ఒక్క క్షణం చీర కొంగు చేత్తో పట్టుకుంది. "సరేనండి" అంది. ఏది సరే అని ఆయన అడిగారు. "క్లాసు తీసుకోండి" అంది.

బయటికి రాగానే చాక్‌పీసుల డబ్బా నా చేతుల్లో పెట్టింది. "ఈ క్లాసు నేను చెప్పను, నీకు జరిగినదానికి నిరసనగా సంఘానికి రావడమే మానేస్తాను" అని నేను ఎగిరాను. "నీ నిరసన ఎవడిక్కావాలే? పిల్లలు ఏం పాపం చేశారు? నువ్వు తీసుకో. లేకపోతే కొట్టేవాళ్ళకి అప్పజెబుతారు" అంది. ఆ సాయంత్రం ఆమె ఫ్లాట్‌కి వెళితే వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ ఏడుస్తోంది. ఉల్లిపాయల వల్ల కాదు, ఆ మాట తనే చెప్పింది. "చాలా బాధగా ఉందే. మళ్ళీ అడిగినా ఇదే చెప్తాను, అయినా బాధగానే ఉంది" అంది. తన నిర్ణయం వల్ల ఎంత పోగొట్టుకుందో తెలిసి కూడా అణువంత వెనక్కి జరగని మనిషిని నేను ఆమెలోనే చూశాను.

అక్క సంఘానికి రావడం మానలేదు. ఎవరి మీదా ఒక్క మాట అనలేదు. ప్రతి శుక్రవారం వచ్చి చిట్టచివరి వరసలో కూర్చునేది. ముందు వరసల్లోని పిల్లలు తలలు వెనక్కి తిప్పి చూస్తుంటే, వేలితో ముందుకు చూడమని సైగ చేసేది. జయరాజు గారికి కాలికి దెబ్బ తగిలి ఇంట్లో పడుకున్నప్పుడు రోజూ వెళ్ళి కట్టు మార్చి వచ్చింది. ఆయన మొహమాటపడి ఏదో అనబోతే, "కదలకండి, కట్టు జారుతుంది" అందట. ఏటా ముప్పై ఒకటిన తలుపు మాత్రం తీసే ఉంచేది. ఒక్క ఏడాది డ్యూటీ పడితే, ఆ సాయంత్రం గ్రేస్‌ని తన గుమ్మంలో కూర్చోబెట్టి మరీ వెళ్ళింది.

మొన్న శుక్రవారం సంస్మరణ కూడికలో జయరాజు గారు మాట్లాడారు. ఆమె సేవ గురించి, వాత్సల్యం గురించి చెబుతూ కన్నీళ్ళు పెట్టుకున్నారు. అవి నిజమైన కన్నీళ్ళే. చివర మాత్రం, "ఒక్క విషయంలో మన సహోదరికీ మనకూ భేదం ఉండేది. ఆ సంగతి ఆమెతో ముగిసింది" అన్నారు. ఆమె ఫ్లాట్‌కి తాళం పడింది, వచ్చే నెల వేరేవాళ్ళు దిగుతారు, ఇక ఆ తలుపు లేదు అని ఆయన భావం కాబోలు.

నేను లేచి నిలబడ్డాను. "ముగియలేదండి. ఈ ముప్పై ఒకటిన సాయంత్రం నా ఫ్లాట్ తలుపు తీసి ఉంటుంది."

"విమలమ్మా, పిల్లల క్లాసు మీ దగ్గరుంది. అది మరచిపోకండి" అన్నారు ఆయన.

"మరచిపోలేదండి. డబ్బా తెచ్చాను" అని చాక్‌పీసులు బల్ల మీద పెట్టి కూర్చున్నాను. పక్క కుర్చీలో ఉన్న గ్రేస్‌కి మా తెలుగు ఒక్క ముక్క రాదు, అయినా నా చెయ్యి పట్టుకుంది. డబ్బా ఇంకా ఎవరూ తీసుకోలేదు. తీసుకునేవారికి నా మనవి ఒకటే, ఆ పిల్లలు మనుషులు, మనుషుల్లా చూడండి.

సుగుణక్క లేని లోటు తీరేది కాదు. క్యాజువాలిటీకి నర్సులు వస్తారు, క్లాసుకి టీచర్లు వస్తారు. తాను ఘంటాపథంగా బోధించిన మాట తప్పని తెలిసినప్పుడు అందరి ఎదుటా వెనక్కి తీసుకుని, దానికి వెల చెల్లించి, చెల్లించిన సంగతి మళ్ళీ ఎత్తని మనిషి మాకు మళ్ళీ దొరకడం కష్టం. ఆ మహనీయురాలి స్మృతికి నా అశ్రునివాళి. ఏడుపుతో సరిపెట్టుకుంటే ఆమె నన్ను గసురుతుంది కాబట్టి ఈ పూట గవ్వల పిండి కలిపాను.

ముప్పై ఒకటిన పొద్దు గుంకగానే రండి. సంఘంవాళ్ళు రండి, బిల్డింగ్ పిల్లలు రండి, సహం నుంచి నర్సయ్య ఎలాగూ వస్తానన్నాడు. జయరాజు గారూ, మీరు వచ్చినా తలుపు తీసే ఉంటుంది. మొహాలు కడుక్కుని, మీ మీ ఇళ్ళలో పోయినవారి పేర్లు తెచ్చుకోండి. సుగుణక్క పేరు మాత్రం ఎవరూ చెప్పొద్దు. అది నేను చెప్పుకుంటాను.